మోటారు పెద్దదైతే తివాచీ శుభ్రపడుతుందా?

విశాఖపట్నం నుంచి అరకు, జగదల్‌పూర్‌ల మీదుగా కిరండూల్ వెళ్లే రైలుమార్గాన్ని బస్తర్ ప్రాంతంలోని బైలడిల్లా గనుల కోసం 1960వ దశకంలో వేశారు. ఆ గనుల ధూళి ఎర్రగా ఉంటుంది. అది హెమటైట్ అనే ఇనుప ఖనిజపు పొడి. చెప్పులకు అంటుకుని ఇంట్లోకి వస్తే తివాచీ పోగుల అడుగుకు చేరుతుంది. తివాచీలను శుభ్రపరిచే యంత్రాలకు ఇది కఠినమైన పరీక్షే.

ఈ యంత్రాలను మెరుగుపరచడమంటే ప్రకటనల్లో తరచు కనిపించేవి మూడే: ఎక్కువ వాట్లు, పంపులో ఎక్కువ పీడనం, వెడల్పాటి వాండ్. చేత్తో పట్టుకుని తివాచీపై జరిపే, చివర వెడల్పు మూతి ఉన్న గొట్టమే వాండ్. ఈ మూడింటినీ భౌతికశాస్త్రపు గీటురాయిపై పెట్టి చూద్దాం.

మొదట వాట్ల సంగతి. యంత్రం దుమ్మును లాగుతుందని అంటాం. నిజానికి ఫ్యాను గొట్టంలోని పీడనాన్ని తగ్గిస్తుంది. అప్పుడు బయటి వాతావరణమే గాలిని లోపలికి నెడుతుంది. ఆ ప్రవాహం దుమ్మును మోసుకుపోతుంది. మూతిని అరచేత్తో పూర్తిగా మూస్తే పీడన వ్యత్యాసం గరిష్ఠమవుతుంది, కాని ప్రవాహం సున్నా. మూతిని గాలిలోకి ఎత్తితే ప్రవాహం గరిష్ఠం, పీడన వ్యత్యాసం అత్యల్పం. ఉపయోగపడే సామర్థ్యం ఈ రెండింటి లబ్ధం. ఉదాహరణకు 10 కిలోపాస్కళ్ల వ్యత్యాసంతో సెకనుకు 20 లీటర్ల గాలి ప్రవహిస్తే గాలికి అందేది 200 వాట్లే. అటువంటి యంత్రం పెట్టె మీద 1,400 వాట్లు అని ఉండవచ్చు. అది మోటారు వాడుకునే కరెంటు లెక్క, చేసే పని లెక్క కాదు.

ఐరోపా సమాఖ్య ఈ తేడాను గుర్తించింది. ఇళ్లలో వాడే వాక్యూమ్ క్లీనర్లకు 2014 సెప్టెంబరు నుంచి 1,600 వాట్లు, 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్లు మించరాదని నియమం పెట్టింది. అయితే యంత్రాలపై అతికించే నాణ్యతా లేబుళ్లకు ఖాళీ సంచితో పరీక్ష జరిపేవారు. ఇళ్లలో సంచి ఖాళీగా ఉండదు కదా! దుమ్ము నిండేకొద్దీ ప్రవాహం తగ్గవచ్చు. ఈ కారణంగానే 2018లో అక్కడి న్యాయస్థానం ఆ లేబుళ్ల నిబంధనను రద్దు చేసింది.

ఇక వెడల్పాటి వాండ్. మూతి చీలిక 25 సెంటీమీటర్ల పొడవు, 4 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకుందాం. వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లు. సెకనుకు 20 లీటర్ల గాలి దాని గుండా వెళితే వేగం సెకనుకు 20 మీటర్లు. ప్రవాహం మారకుండా చీలికను రెట్టింపు చేస్తే వేగం 10 మీటర్లకు పడిపోతుంది. మామూలు ఇసుక సాంద్రత నీటికి 2.65 రెట్లు, హెమటైట్‌ది సుమారు 5.2 రెట్లు. అంత బరువైన కణాన్ని ఎత్తవలసిన చోట వేగాన్ని సగం చేసుకోవడం మెరుగుదల ఎలా అవుతుంది?

ఈ సూత్రానికి బైలడిల్లాలోనే పెద్ద నిదర్శనం ఉంది. ఖనిజపు పొడిని నీటితో కలిపి విశాఖపట్నం చేర్చడానికి సుమారు 267 కిలోమీటర్ల గొట్టపు మార్గం వేశారు. అటువంటి గొట్టంలో వేగం ఒక హద్దుకు తగ్గితే పొడి అడుగున పేరుకుపోతుంది. వాండ్‌లోని గాలికీ ఇదే నియమం.

మూడోది పంపు పీడనం. వేడినీటిని చిమ్మి వెంటనే పీల్చే యంత్రాల్లో పీడనం పెంచితే నీరు తివాచీ అడుగుదాకా దిగుతుంది. హెమటైట్ నీటిలో కరగదు. ముందుగా పొడిదుమ్మును తీయకపోతే అది బురదై లోపలికి ఇంకుతుంది. వరంగల్ జంపఖానా నూలుతో నేసింది, నీటిని బాగా పీల్చుకుంటుంది. ఏలూరు తివాచీ ఉన్నిది, తడిస్తే ఆరడానికి సమయం పడుతుంది. బస్తర్ వానాకాలపు తేమగాలిలో ఆ తడి నిలిచిపోతే బూజు పడుతుంది. కనుక యంత్రం ఎంత నీరు చిమ్మిందన్నది గొప్ప కాదు. ఎంత నీటిని వెనక్కి తీసిందన్నదే ముఖ్యం.

అయితే మార్పులన్నీ వ్యర్థమని కాదు. మూతి అంచుకు నున్నని టెఫ్లాన్ తొడుగు వేస్తే ఘర్షణ తగ్గుతుంది, రోజంతా వాండ్ తోసే కార్మికుడి భుజానికి శ్రమ తగ్గుతుంది. గొట్టం అతుకుల్లో గాలి కారకుండా చూడడం ఇంకా చౌకైన మెరుగుదల. అమెరికాలోని ఒహాయోలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే ఊడ్చే ఉద్యోగి ఉండేవాడు. ఉబ్బసంతో బాధపడే ఆయన మోటారుతో తిరిగే బ్రష్‌ను మూతి దగ్గరే అమర్చి 1908లో పేటెంటు పొందాడు. దుమ్ము ఎక్కడ పట్టుకుని ఉందో చీపురు పట్టిన చేతికి తెలుసు.

మీరూ పరీక్షించి చూడండి. పాత జంపఖానా ముక్కను తూచి, 200 మిల్లీలీటర్ల నీరు పోసి మళ్లీ తూచండి. తడిని కూడా పీల్చగల యంత్రంతోనే, పెద్దల సమక్షంలో, నీటిని పీల్చి మరోసారి తూచండి. తగ్గిన బరువే వెనక్కి వచ్చిన నీరు. పొడిదుమ్ముకు మాత్రమే తయారైన యంత్రాన్ని తడిపై వాడితే విద్యుదాఘాతం కలగవచ్చు. చీలిక వెడల్పును మార్చి మళ్లీ చేయండి. ప్రకటనలోని వాట్ల కంటే మీ త్రాసు చెప్పే గ్రాములే నమ్మదగినవి.