మాలపల్లి: జీతమా, జాలియా?

ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి 1922లో వెలువడినది. నూఱేండ్లు దాటిన పిదపను చదువబడుచున్న తెలుగు నవలలు కొలదిగనే కలవు. వానిలో నిది యొకటి. చదువుకొన్నవారి యిండ్లలో దీని పేరెఱుగనివా రరుదు. సంగదాసు మరణమును చదివి కంట తడిపెట్టుదురు. రామదాసు ఓర్పును మెచ్చుకొందురు. తక్కెళ్ల జగ్గని సాహసమును పిల్లలకు కథగా జెప్పుదురు. మేమును అట్లే చేసితిమి. కాని యీ నడుమ ఆ గ్రంథమును మఱల చదువగా, మన కన్నీరును మెప్పును గ్రంథకర్త అడిగిన ప్రశ్నను దాటిపోవుచున్నవని మాకు తోచినది. ఆ ప్రశ్నను గూర్చియే యిచ్చట నాలుగు మాటలు విన్నవింతుము.

లక్ష్మీనారాయణగారు న్యాయవాది. రాయవెల్లూరు చెరసాలలో నుండి యీ నవలను వ్రాసిరి. అప్పటి మద్రాసు ప్రభుత్వము దీనిని నిషేధించెను. ఒక కల్పితకథకు ప్రభుత్వ మేల భయపడవలెను? పేదల కష్టములను వర్ణించిన గ్రంథములు అంతకుముందును లేకపోలేదు. కష్టములను చెప్పి కరుణించుడని వేడినయెడల ఏ ప్రభుత్వమునకును కోపము రాదు. ఈ నవలలో మంగళాపురపు పాలేరు సంగదాసు కరుణను వేడలేదు. తోడి పాలేళ్లను కూడగట్టి, చేసిన పనికి తగిన జీత మడుగ నేర్పినాడు. ఆ నేరమునకే కామందు చౌదరయ్య చేతిదెబ్బకు ప్రాణము విడిచినాడు. సంగదాసు ముష్టి కొఱకు చేయి చాచినయెడల చౌదరయ్య గింజలు విదల్చి పుణ్యము కట్టుకొనియుండును గదా!

మన పురాతన కథలను కొంచెము పరికింపుడు. దానమును కీర్తించు కథలు మనకు లెక్కలేనన్ని. బలిని అడిగినవాడు వామనుడు. కర్ణుని కవచకుండలముల నడిగినవాడు ఇంద్రుడు. శిబిని పరీక్షింప వచ్చినవారును దేవతలే. అడిగినవా డెవ్వడును నిజముగ పేదవాడు కాడు. దాత గొప్పతనమును లోకమునకు చాటుటకై వేషము వేసికొనివచ్చిన దేవుడు. ఇక కుచేలుడు నిజముగ పేదవాడే. కాని అతడు నోరు తెఱచి అడుగనే లేదు. అడుగకపోవుటయే అతని పెద్దఱికమని మనకు నేర్పిరి. నిజముగ పేదవాడై, నిజముగ అడిగి, అడుగుటయే న్యాయమని నిలిచినవాడు మన కథలలో మిక్కిలి అరుదు. సంగదాసు అట్టివాడు. మాలపల్లి ఘనత యంతయు మాకిచ్చటనే కనబడుచున్నది.

దానమునకును హక్కునకును భేద మేమి? ఇచ్చిన గింజలు రెంటను ఒక్కటే, ఆకలి తీరుట ఒక్కటే యని కొంద ఱనవచ్చును. భేదము మఱునాడు తెలియును. దాత మనసు మాఱినచో దానము నిలిచిపోవును. ఏల నిలిచినదని అడుగుటకు పుచ్చుకొన్నవానికి నోరుండదు. హక్కైనచో ఆ నోరుండును. పల్లెలలో పాలేరుకు జీతము ధాన్యముగా గొలిచి యిచ్చు ఆచార ముండెడిది. ధాన్యపు వెల పెరిగిన యేట, కొలువవలసిన ధాన్యమునకు మాఱుగ పాతవెల చొప్పున రొక్కము చేతిలో బెట్టినచో, పుస్తకములోని లెక్క సరిపోవును గాని కుండలోని కూడు సగమగును. ఇది మోసమని చెప్పగలవాడు తనకు రావలసినది యింత యని యెఱిగినవాడే. కామందు దయవలన బ్రదుకుచున్నానని నమ్మినవాడు దీనిని తన ప్రారబ్ధ మనుకొని యూరకుండును.

ఇంత చెప్పిన పిదప గ్రంథమునందలి లోపమును గూడ చెప్పవలెను. సంగదాసు చనిపోయిన తరువాత ఆతని యన్న వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై, కలవారి యిండ్లకు కన్నములు వేసి బీదలకు పంచును. అతడు తన పనిని ధర్మకన్నమని సమర్థించుకొనును. అతని మాటలో హక్కున్నది. చేతలో మాత్రము దానమే మిగిలినది. చౌదరయ్య యీయనిది జగ్గడు తెచ్చి యిచ్చుచున్నాడు. పుచ్చుకొనువాని చేయి మఱల క్రిందనే యున్నది. సంగదాసు నాడు పాలేళ్లు తామే కూడి అడిగిరి. జగ్గని నాడు వారు ఎదురుచూచుచు కూర్చుండిరి. జగ్గడు పట్టుబడగానే ఆ పంపక మేమగునో చెప్పనక్కఱలేదు. ఇట్లుండియు పాఠకులకు సంగదాసుకంటె జగ్గడే ప్రియుడగుట విచారింపదగినది. వీరుని మెచ్చుట సులభము. జీతపు లెక్క అడుగువానిని మెచ్చుటకు మన పెట్టె తెఱచి చూచుకొనవలసియుండును.

ఈ తగవు నవలతో ముగియలేదు. 1948 డిసెంబరు 10వ తేదీన ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవ హక్కుల పత్రమున 25వ అధికరణము అన్నము, వస్త్రము, ఇల్లు, వైద్యము ప్రతి మనుష్యునకును హక్కులని చెప్పినది. పని లేనినాడును, వార్ధక్యమునను, వైధవ్యమునను ఆదరువు హక్కే యన్నది. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగపు 43వ అధికరణము పొలముపని చేయువానిని పేరెత్తి చెప్పి, ఆతనికిని బ్రదుకుదెరువునకు చాలిన కూలి లభింపవలెనన్నది. సంగదాసు కోరినది ఇదియే గదా! కాని అదే రాజ్యాంగపు 37వ అధికరణము, ఈ భాగములోని సూత్రములను న్యాయస్థానములు అమలుపఱుపజాలవని కూడ చెప్పినది. 1985లో బొంబాయి కాలిబాటలపై గుడిసెలు వేసికొన్నవారి వ్యాజ్యమున సుప్రీముకోర్టు, జీవించు హక్కులో జీవనోపాధి హక్కు చేరియున్నదని తీర్పు చెప్పెను. ఆ తీర్పుననే వానకాలము గడచిన పిదప గుడిసెలను తొలగింపవచ్చుననియు చెప్పెను. 2005లో చేసిన ఉపాధిహామీ చట్టము మఱి యొక యడుగు ముందుకు వేసెను. గ్రామీణ కుటుంబమునకు ఏట నూఱు దినముల పని యనియు, అడిగిన పదునైదు దినములలో పని చూపనిచో భృతి చెల్లింపవలెననియు అది విధించెను. పని అడిగి రశీదు పుచ్చుకొన్న కూలివాడు ఆ దినమున యాచకుడు కాడు. గడువు చెప్పి బాకీ అడుగువాడు.

హక్కులమాట వచ్చినచోట దయ యెండిపోవునని కొందఱు పెద్దలు భయపడుదురు. వారి భయము పూర్తిగ నిరాధారము కాదు. చట్టమున్నది గదా యని కన్నులు మూసికొని పోవువారును కలరు. కాని దయ పుట్టవలసిన చోటు వేఱు. అప్పు తీర్చినవాడు అటుపిమ్మట అప్పిచ్చినవానిని విందునకు పిలిచినచో అది స్నేహము. అప్పు తీర్పకయే విందునకు పిలిచినచో దాని కేమి పేరు పెట్టుదుము? బాకీ చెల్లిన పిమ్మటనే దయకు విలువ.

ఇంతవఱకు చౌదరయ్యను విమర్శించితిమి. అది కష్టమైన పని కాదు. మా యింటిమాట గూడ చెప్పుకొనవలెను. పాత్రలు తోమి, బట్టలుతుకు మనిషి యొకతె, ధరలు పెరిగినవి, జీతము పెంచుడమ్మా యని అడిగినది. మేము దసరాకు చీర పెట్టిన సంగతి, ఆమె పిల్లవానికి పుస్తకములు కొనిన సంగతి గుర్తుచేసితిమి. ఆమె మాఱుమాటాడక తన పనికి పోయినది. మేమన్న దానిలో అబద్ధము లేదు. చీర యిచ్చినమాట నిజమే. కాని ఆమె అడిగినది చీర కాదు. జీతమునకు మాఱుగ మా దయను ఆమె చేతిలో బెట్టి, ధాన్యమునకు బదులు రొక్కమిచ్చు కామందు లెక్కనే మేమును వేసితిమి. మాలపల్లిని మఱల తెఱచినది ఆ రాత్రియే.

పాఠకమహాశయులును, ముఖ్యముగ గృహిణులును, ఈ గ్రంథమును మఱియొకమాఱు చదువవలెనని ప్రార్థించుచున్నాము. ఈమాఱు సంగదాసు మరణించినచోట గాక, పాలేళ్లు జీతమును గూర్చి మాటలాడుకొనుచోట కొంతసే పాగుడు. పిదప మీ యింటి పద్దుపుస్తకము తీసి, పనివారి జీతము కడపటిమాఱు ఎప్పుడు పెంచితిరో, నాటి బియ్యపు వెల యెంతయో, నేటి వెల యెంతయో చూడుడు. మేము చూచితిమి. ఆమెకు రావలసిన భేదమును, వెనుకటి నెలలతో గూడ, లెక్కగట్టి యిచ్చితిమి. ఆమె లెక్క సరిచూచుకొని, తలయూపి, కొంగున ముడివేసికొన్నది. కృతజ్ఞతలు చెప్పలేదు, చెప్పవలసిన పనియు లేదు.