మొదటి టచ్‌లోనే ఆట

ఫుట్‌బాల్‌లో కొత్తగా దిగిన పిల్లవాడు బంతి రాగానే దాన్ని ఆపాలని చూస్తాడు. ఆపాక తలెత్తి, ఎవరెక్కడున్నారో వెతుకుతాడు. ఈలోపు ఎదుటి జట్టువాడు మీదికి వచ్చేస్తాడు. ఈ అలవాటును ఉపన్యాసాలతో కాకుండా ఆటతోనే మాన్పించిన గురువు ఒకప్పుడు మన హైదరాబాద్‌లో ఉండేవారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు కోచ్‌గా 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చారు.

రహీమ్ పెట్టించిన కొన్ని పోటీల నియమాలు వింతగా ఉండేవి. ఒకదానిలో డ్రిబ్లింగ్ చేయకూడదు. మరోదానిలో వాటం లేని కాలితోనే ఆడాలి. డ్రిబ్లింగ్ వద్దంటే బంతిని కాళ్ల దగ్గర ఉంచుకుని ఆలోచించే వీలుండదు. వచ్చిన బంతి వెంటనే పోవాలి. అలా పోవాలంటే మొదటి టచ్‌కే అది తర్వాతి పాస్‌కు అనువైన చోట పడాలి. నా దృష్టిలో ఆయన నేర్పిన వాటన్నిటిలో ఇదే గొప్పది. 'బంతిని ఇలా అందుకో' అని చెప్పనక్కర్లేదు, సరిగా అందుకోకపోతే ఆటే ముందుకు సాగదు.

ఇక పాదం సంగతి. నేల మీద దొర్లుతూ వచ్చే బంతికి పాదం లోపలి వైపే అన్నిటికంటే నమ్మకమైనది. నిలబడిన కాలి మోకాలు కాస్త వంగాలి. అందుకునే పాదాన్ని పక్కకు తిప్పి, వేళ్లు కొంచెం పైకెత్తి, బంతి మధ్యభాగం ఎత్తులో ఉంచాలి. బిగబట్టిన పాదానికి తగిలితే బంతి గోడకు కొట్టినట్టు ఎగిరిపోతుంది. ఇటుకలు విసిరితే అందుకునే కూలీ చేతులు చూడండి, తగలగానే ఇటుక ఊపు ఎటుంటే అటే కాస్త జరుగుతాయి. పాదమూ అంతే. తగిలే క్షణంలో బంతితోపాటే వెనక్కి రావాలి. మరీ వదులైపోతే బంతి కాళ్లకిందే చిక్కుకుంటుంది. ఎంత వెనక్కి తీయాలన్నది బంతి వేగాన్ని బట్టి ఉంటుంది. దాన్ని కాలే నేర్చుకోవాలి, ఎవరూ కొలిచి చెప్పలేరు. తొడ, ఛాతీ విషయంలోనూ సూత్రం ఇదే: తొడనైతే తగలగానే కిందికి దించాలి, ఛాతీనైతే నడుము నుంచి వెనక్కి వాల్చాలి.

కాలి కంటే ముందు పని చేయాల్సింది కళ్లు. బంతి దారిలో ఉండగానే భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూడాలి. ఒళ్లు కాస్త పక్కకు తిప్పి నిలబడితే బంతీ కనిపిస్తుంది, మైదానమూ కనిపిస్తుంది. అప్పుడు బంతిని దగ్గరి కాలి ముందునుంచి పోనిచ్చి దూరపు కాలితో అందుకోవచ్చు. ఆ ఒక్క కదలికతోనే ఆటగాడు ముందుకు తిరిగిపోతాడు.

ఈ విద్య ఎంత దూరం పోగలదో చూడాలంటే 1998 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ ఉంది. మార్సెయిల్‌లో నెదర్లాండ్స్, అర్జెంటీనా 1-1తో ఉన్నాయి. ఆట ముగియబోతోంది. ఫ్రాంక్ డి బోయర్ తమ సగంలోంచి పొడవాటి బంతి కొట్టాడు. డెన్నిస్ బెర్గ్‌కాంప్ పరుగు ఆపకుండానే గాల్లోకి లేచి కుడికాలితో దాన్ని దించాడు. రెండో టచ్‌తో బంతిని అర్జెంటీనా డిఫెండర్ అయాలాను దాటించాడు. మూడోది గోల్. జనం ఆ షాట్ గురించే మాట్లాడుకుంటారు గానీ, అసలు పనంతా మొదటి టచ్‌లోనే జరిగింది. బంతి అడుగు దూరం జారినా అయాలా దాన్ని అందుకునేవాడు.

మన దగ్గరా ఆ తీరు లేకపోలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, చివరికి నాలుగో స్థానంలో నిలిచిన రహీమ్ జట్టులో బంతి మీద పట్టుకు పేరుపడ్డ సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు.

ఇవాళ చాలాచోట్ల పిల్లలు ప్లాస్టిక్ కోన్ల మధ్య ఒంటరిగా బంతిని తిప్పుతూ గంటలు గడుపుతున్నారు. చూడ్డానికి బాగుంటుంది, కానీ కోన్ ఎవరి మీదికీ రాదు కదా! దానికి బదులు నలుగురేసి పిల్లలను ఇరుకు జాగాలో వదిలి, ఎవరైనా రెండు టచ్‌లలోనే బంతి వదిలేయాలని చెప్పండి. మొదటి వారం పాస్‌లన్నీ తప్పుతాయి. ఆటను ఆపి సరిదిద్దకండి. పిల్లలు తమంతట తామే బంతి రాకముందే వెనక్కి చూడడం మొదలుపెట్టాక, ఒకరోజు వాటం లేని కాలితోనే ఆడమనండి.