"భయపడకండి" అనే మాటకు నీతి పరీక్ష

హైదరాబాదు లోకల్ రైలుమార్గంలో భరత్‌నగర్, హైటెక్ సిటీ స్టేషన్ల నడుమ బోరబండ ఉన్నది. 2020 అక్టోబరు మొదటి వారంలో అచ్చట భూమిలోనుండి పెద్ద చప్పుళ్లు వినవచ్చి, నేల స్వల్పంగా అదరగా, ప్రజలు ఇండ్లు విడిచి వీధులలోకి వచ్చారు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడ పరికరాలు నెలకొల్పి పరిశీలించారు. కంపనాల పరిమాణం 2 కంటె తక్కువ. వర్షపునీరు గ్రానైటు శిలల పగుళ్లలోకి దిగి, అందలి ఒత్తిడిని మార్చుటవల్ల ఇట్టివి కలుగుతాయని వారి వివరణ.

ఇట్టి సందర్భాలలో ఏ దేశంలోనైనా ప్రజలకు మొట్టమొదట చెప్పే మాట "భయపడకండి" అన్నదే. ఆ మాట శాస్త్రరీత్యా ఎంతవరకు నిజం? నీతిరీత్యా ఎంతవరకు న్యాయం? ఈ రెండు ప్రశ్నలు వేరువేరుగా కనిపించినా, ఒకటి తేలనిదే రెండవది తేలదు.

ముందు శాస్త్రం సంగతి చూడవలెను. భూకంప పరిమాణం ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన 1.5 పరిమాణం గల కంపనానికీ, 6.2 పరిమాణం గల భూకంపానికీ శక్తిలో తేడా కోటి రెట్లు పైబడి ఉంటుంది. కంపనం భూమి పైపొరలలోనే పుట్టినప్పుడు, అందలి త్వరిత స్పందనలు అణగిపోకమునుపే నేలపైకి చేరి, గాలిలో ధ్వనిగా మారుతాయి. కావున చప్పుడు పెద్దదైనంత మాత్రాన భూకంపం పెద్దదని అనుకోరాదు. అంత చిన్న కంపనాలకు ఇండ్లు కూలవనుట నిజమే. ఇట్టి కంపనాల వరుసలు సాధారణంగా వాటంతట అవే అణగిపోతాయనుటా నిజమే. కాని వీటి తరువాత పెద్దది రానే రాదని చెప్పగల సాధనం నేటికీ ఏ దేశంలోనూ లేదు. "ప్రమాదం తక్కువ", "ప్రమాదం లేదు" అనే రెండు మాటల నడుమనున్న ఈ సందులోనే నీతిప్రశ్న పుడుతుంది.

"భయపడకండి" అంటే చాలుననేవారు సాధారణంగా ఉపయోగితావాదాన్ని ఆశ్రయిస్తారు. ఎక్కువమందికి ఎక్కువ సుఖం కలిగించే పనియే మంచి పని అని బెంథామ్, మిల్ మొదలైనవారి సిద్ధాంతం. అనుమానాలన్నీ బయటపెడితే వదంతులు పుడతాయి, తొక్కిసలాటలు జరుగవచ్చును, రాత్రంతా వీధిలో మేలుకొన్నవాడు మరునాటి కూలి పోగొట్టుకుంటాడు. రాకపోవచ్చునన్న ఆపదకు ఇంత నష్టమెందుకని వారి ప్రశ్న. ఇది తేలికగా తోసివేయదగినది కాదు. మాటిమాటికీ హెచ్చరిస్తే అసలు హెచ్చరికను జనం లెక్కచేయకపోవచ్చును.

అయితే ఈ లెక్కలో ఒక పద్దు విడిచిపోయింది. నేటి భయాన్ని లెక్కించినవారు రేపటి నమ్మకాన్ని లెక్కించలేదు. మాటపై విశ్వాసం సడలితే సంఘక్షేమానికే దెబ్బ తగులుతుందని మిల్ 1861లో ప్రకటించిన 'యుటిలిటేరియనిజం' అనే రచనలో గుర్తించాడు.

ఆ పద్దు విలువ ఇటలీలోని లాక్విలా పట్టణంలో తెలిసివచ్చింది. 2009 తొలి నెలలలో అక్కడ చిన్న కంపనాలు వరుసగా వచ్చాయి. మార్చి 31న నిపుణుల సమావేశం జరిగింది. శక్తి కొద్దికొద్దిగా విడుదలవుతున్నది గనుక పరిస్థితి అనుకూలమేనని పౌరరక్షణశాఖ అధికారి ఒకరు టెలివిజన్‌లో చెప్పారు. పైన చెప్పిన కోటి రెట్ల లెక్క తెలిసినవారికి ఈ వాదం నిలువదని వెంటనే తోస్తుంది. ఏప్రిల్ 6న 6.3 పరిమాణం గల భూకంపం వచ్చి 300 మందికి పైగా మరణించారు. కంపనం వచ్చిన రాత్రి ఆరుబయట గడిపే పాత అలవాటును ఆ భరోసా నమ్మి తమవారు మానుకున్నారని కొన్ని కుటుంబాలు న్యాయస్థానంలో చెప్పుకున్నాయి. 2012లో ఆరుగురు శాస్త్రజ్ఞులకు, ఆ అధికారికి ఆరేసి సంవత్సరాల శిక్ష పడింది. 2014లో శాస్త్రజ్ఞులు నిర్దోషులని అప్పీలులో తేలింది. అధికారి శిక్ష రెండేండ్లకు తగ్గింది. భూకంపాన్ని ముందుగా చెప్పలేదని శాస్త్రజ్ఞులను శిక్షించారని లోకంలో ప్రచారమైంది. అసలు వివాదం మాత్రం వారివల్ల ప్రజలకు అందిన భరోసాను గూర్చినది.

కాంట్ మార్గం వేరు. ఫలితమెట్లున్నా, మనిషిని కేవలం సాధనంగా వాడుకొనరాదని ఆయన నియమం. వీధులలో అలజడి ఉండరాదని కారణాలు దాచి భరోసా ఇచ్చినవారు, ఆ రాత్రి ఎక్కడ గడపవలెనో నిర్ణయించుకొనే హక్కును ఆ కుటుంబం చేతినుండి తీసుకున్నట్లే. "భయపడకండి" అనుటలో అబద్ధమేమున్నదని కొందరు అడుగవచ్చును. ద్రోణుని ఎదుట ధర్మరాజు పలికిన మాటకు కూడ ఏనుగు రూపంలో ఒక నిజం తోడున్నది. అయినా విన్నవాని మనస్సులో కలిగిన నమ్మకం అబద్ధం. అందుకే ఆయన రథం నేలకు దిగినదని భారత కథ.

ఈ సిద్ధాంతాన్నీ చెడుగా వాడవచ్చును. తెలిసినదంతా చెప్పివేశామని గ్రాఫులను, అంకెలను జనం ముందు గుమ్మరించి చేతులు దులుపుకొనుట సత్యపాలన అనిపించుకోదు. వినేవానికి అర్థమై, వాని నిర్ణయానికి పనికివచ్చినప్పుడే సత్యం చెప్పినట్లు.

మూడవది న్యాయసిద్ధాంతం. సంఘపు ఏర్పాట్లను అందరికంటె తక్కువ భాగ్యం గలవారి స్థానంనుండి పరీక్షించమని జాన్ రాల్స్ 1971లో ప్రతిపాదించాడు. మనుష్యులను చంపేది చాలవరకు భూకంపం కాదు, కూలే ఇండ్లు. ఇంజనీర్లు లెక్కకట్టి నిర్మించిన హైటెక్ సిటీ సౌధంలో పనిచేసేవానికీ, ఇరుకు సందులో ఉన్న అంతస్తుపై మరొకటి లేపుకొన్న ఇంట నివసించేవానికీ "భయపడకండి" అన్న మాట ఒకే విలువ గలది కాదు. మాట తప్పినప్పుడు నష్టం పంచుకొనే తీరు వేరు. మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో 1992లో చిన్న కంపనాలు ప్రజలను కలవరపెట్టాయి. ఆనాటి పటంలో ఆ ప్రాంతం అత్యల్ప ప్రమాద మండలంలో ఉండేది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 6.2 పరిమాణం గల భూకంపం వచ్చి, మట్టితో కట్టిన రాతిగోడల క్రింద వేలాదిమంది మరణించారు. బోరబండకు అదే గతి పడుతుందని దీని అర్థం కాదు. పటంలోని రంగు హామీపత్రం కాదని మాత్రమే అర్థం.

ఇక్కడ సిద్ధాంతాలను వాడే పద్ధతిని గూర్చి ఒక మాట చెప్పవలసి ఉన్నది. ముందుగానే తీర్పు వ్రాసుకొని, దానికి తగిన సిద్ధాంతాన్ని వకీలుగా పెట్టుకొనుట చర్చలలో పరిపాటి. అట్లు వాడితే మిల్ చేత మౌనాన్నీ, కాంట్ చేత అలజడినీ సమర్థింపజేయవచ్చును. నీతిసిద్ధాంతం వకీలుగా కాక పరీక్షాధికారిగా పనిచేయవలెను. వాదించేవాడు విడిచిన పద్దును అది ఎత్తి చూపవలెను. పైన మూడు సిద్ధాంతాలూ మూడు పద్దులు చూపాయి: నమ్మకం, నిర్ణయాధికారం, బలహీనమైన ఇల్లు.

ఈ మూడింటినీ లెక్కలోకి తీసుకొంటే ప్రజలకు చెప్పవలసినది ఒక్క ముక్కతో తీరదు. "ఈ కంపనాలు చాల చిన్నవి. ఇట్టివి సాధారణంగా అణగిపోతాయి. పెద్దది రాదని మాత్రం ఎవ్వరూ హామీ ఇవ్వలేరు. తలపై పడగల బరువులను క్రిందికి దించండి. నేల గట్టిగా అదిరితే మెట్లమీద పరుగెత్తక బల్లక్రింద తలదాచుకోండి. గోడలు బీటలు వారితే తెలియజేయండి" అని చెప్పవలెను. చివరి వాక్యం చెప్పినవారికే బాధ్యత తెచ్చిపెడుతుంది. తెలియజేసిన ఇంటికి ఇంజనీరును పంపనిదే ఆ మాట పూర్తి కాదు. ఇందువల్ల కొంత భయం మిగులుతుంది. అది చేయవలసిన పని తెలిసిన భయం గనుక తొక్కిసలాటకు దారితీయదు.

2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 పరిమాణం గల భూకంపం రాగా హైదరాబాదులో కూడ నేల అదిరింది. ఈ ప్రశ్న మరల రాకపోదు. భూమి ఎప్పుడు కదులుతుందో చెప్పుట శాస్త్రజ్ఞుని చేతిలో లేదు. తనకు తెలిసినదెంత, తెలియనిదెంత అన్నది చెప్పుట ఆయన చేతిలోనే ఉన్నది.