మెకానిక్ చెయ్యి

కుర్రాడికి మొదటి బండి సెకండ్ హ్యాండ్‌లో కొనాలంటే మన ఊళ్లలో వెంట మెకానిక్ ఉండాల్సిందే. రంగు, స్టిక్కర్లు ఆయన చూడనే చూడడు. ముందు ఇంజన్ మీద చెయ్యి వేస్తాడు. వెచ్చగా ఉందంటే, మనం రాకముందే స్టార్ట్ చేశారన్నమాట. "చల్లారాక చూద్దాంలే అన్నా" అంటాడు. తర్వాత కిక్ కొట్టి, సైలెన్సర్ దగ్గర గొంతుక్కూర్చుని పొగ చూస్తాడు. నీలంగా వస్తే ఆయిల్ తాగుతున్నట్టే. ముందు చక్రం లేపించి హ్యాండిల్ మెల్లగా తిప్పుతాడు. మధ్యలో పట్టేసిందా, కోన్‌సెట్ పోయిందని లెక్క. ఛాసిస్ నంబరు మీది మట్టి తుడిచి, ఆర్సీతో అంకె అంకె సరిచూస్తాడు. బండికి 15 ఏళ్లు దాటితే రీ-రిజిస్ట్రేషన్ ఖర్చు ధరలో కోయిస్తాడు.

కుర్రాడి కన్ను పల్సర్ మీద. ఆయన ఓటు 97.2 సీసీ పాత స్ప్లెండర్‌కే: తేలిక, స్పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి. (నేనూ ఆయన పక్షమే.)