గీత దాటితే పన్ను, గీత దాటితే రాయితీ

హోండా సివిక్ హ్యాచ్‌బ్యాక్ పొడవు 179 అంగుళాలు. పోర్షా 911 పొడవు దాదాపు 178. రెండూ పక్కపక్కన ఆపితే ముందూ వెనకా ఇంచుమించు సమానంగా ఉంటాయి. అయినా అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ లెక్కలో సివిక్ హ్యాచ్‌బ్యాక్ 'లార్జ్' కారు, 911 'మినీకాంపాక్ట్'. ఒకటి పెద్ద తరగతిలో, రెండోది అన్నిటికన్నా చిన్న తరగతిలో! నాలుగు మీటర్ల లోపా, పైనా అని కార్ల గురించి మాట్లాడుకునే ఊళ్ల నుంచి వచ్చిన మనవాళ్లకు ఈ జాబితా చూస్తే అచ్చుతప్పేమో అనిపిస్తుంది. తప్పేం లేదు. ఈపీఏ కారును బయట నుంచి కాదు, లోపల నుంచి కొలుస్తుంది.

కూర్చున్న మనిషి తలకు, భుజాలకు, కాళ్లకు ఎంత చోటుందో చూస్తారు. డిక్కీలో ప్రామాణిక సైజు పెట్టెలు సర్ది సామాను చోటు లెక్కగడతారు. రెండూ కలిపి 85 ఘనపుటడుగులకు తక్కువైతే మినీకాంపాక్ట్, 100 లోపు సబ్‌కాంపాక్ట్, 110 లోపు కాంపాక్ట్, 120 లోపు మిడ్‌సైజ్, ఆపైన లార్జ్. 2018 మోడల్ క్యామ్రీ, అకార్డ్ రెండూ దాదాపు 192 అంగుళాల పొడవే. లోపలి చోటు మాత్రం క్యామ్రీలో సుమారు 115 ఘనపుటడుగులు, అకార్డ్‌లో 122. అందుకే ఒకటి మిడ్‌సైజ్, ఇంకొకటి లార్జ్. ఇండియా నుంచి అమ్మానాన్నలు నిండు సూట్‌కేసులతో దిగే రోజున ఎయిర్‌పోర్టుకు ఏ కారు తీసుకెళ్లాలో తేల్చుకోవడానికి ఈ ఏడు ఘనపుటడుగుల తేడా పనికొస్తుంది. కారు పొడవు చెప్పే అంకె అందుకు పనికిరాదు.

నేను చూసిన కొలతల్లో ఇంతకన్నా న్యాయమైనది లేదు. ఇది మనిషి శరీరం దగ్గర మొదలవుతుంది. 1977లో జనరల్ మోటార్స్ తన షెవర్లే కాప్రీస్‌ను దాదాపు పది అంగుళాలు కుదించి, 600 పౌండ్లకు పైగా బరువు తగ్గించింది. లోపల మాత్రం తలకూ, వెనక సీటు కాళ్లకూ చోటు తగ్గలేదు సరికదా, పెరిగింది. బయట టేపు పట్టేవాడికి ఆ కారు చిన్నదైపోయింది, లోపల కూర్చున్న కుటుంబానికి కాలేదు. ఇంజనీర్ల అలాంటి పనితనానికి తగిన గుర్తింపు ఇవ్వగలిగేది లోపలి కొలతే.

అయితే ఎస్‌యూవీ దగ్గరికి వచ్చేసరికి ఈపీఏ తన కొలబద్దను తానే పక్కన పెట్టేస్తుంది. అక్కడ లోపలి చోటు లెక్కలోకి రాదు. పూర్తి లోడుతో కలిపి బండికి అనుమతించిన గరిష్ఠ బరువు 6,000 పౌండ్ల లోపైతే స్మాల్ ఎస్‌యూవీ, ఆపైన స్టాండర్డ్. సెడాన్‌కు టేపు, ఎస్‌యూవీకి కాటా. షోరూములో కారు అద్దానికి అంటించే స్టిక్కర్ మీద మైలేజీ అంకె కింద, ఆ తరగతి బళ్ల మైలేజీ ఎంత నుంచి ఎంతవరకు ఉందో ఒక వాక్యం ఉంటుంది. ఎస్‌యూవీని ఎస్‌యూవీలతోనే పోల్చే వాక్యం అది. పక్కనే ఉన్న సెడాన్‌లో అంతే చోటు, అంతకన్నా మంచి మైలేజీ ఉందేమోనన్న ప్రశ్నే కొనేవారికి రానివ్వదు. అత్యంత అవసరమైన చోట పోలిక కుదరకుండా చేసిన ఈ లోపాన్ని నేను చిన్నదిగా చూడలేను.

ఇంకా పెద్ద చిక్కేమిటంటే, ఈపీఏ తరగతి పేరుకు డబ్బుతో సంబంధం లేదు. అది స్టిక్కర్ మీది మాట. 2025 వరకు జరిమానా డబ్బు ముడిపడిన కొలత వేరే ఉంది. 1975 ఇంధన చట్టంతో పుట్టిన కెఫే నిబంధనల ప్రకారం తయారీదారు అమ్మే బళ్ల సగటు మైలేజీ ఒక లక్ష్యాన్ని అందుకోవాలి. కార్లకు కఠిన లక్ష్యం, 'లైట్ ట్రక్కు'లకు తేలిక లక్ష్యం. ఏది ట్రక్కు? జాతీయ రహదారి భద్రతా సంస్థ నిబంధనల్లో దానికి ఒక దారి ఇలా ఉంటుంది: ఫోర్‌వీల్ డ్రైవ్ ఉండాలి, నేలకు ఉన్న ఎత్తు, ముందూ వెనకా వంపు కోణాల్లాంటి అయిదు కొలతల్లో నాలుగైనా నెగ్గాలి. అందుకే ఒకే ఎస్‌యూవీ మోడల్, రెండు చక్రాలు తిరిగితే కారు, నాలుగు తిరిగితే ట్రక్కు కావచ్చు. సీట్లు అవే, డిక్కీ అదే, తోలే మనిషీ అతనే.

ఇలాంటి గీత ఉన్నచోట బండి దాన్ని చూసుకునే తయారవుతుంది. సుబారు 2005 మోడల్ అవుట్‌బ్యాక్‌ను నేలకు ఇంకాస్త ఎత్తుగా లేపి లైట్ ట్రక్కుల లెక్కలోకి చేర్చింది. ఆ వరసలో స్టేషన్ వ్యాగన్ ఒక్కటే కాదు, మామూలు సెడాన్ కూడా ఉంది. ఫోర్డ్ మరో ఆఫీసు ముందు దీనికి సరిగ్గా ఎదురు వాదన వినిపించింది. దిగుమతయ్యే సరుకు రవాణా బళ్ల మీద 1964 నుంచి 25 శాతం సుంకం ఉంది. అది తప్పించుకోవడానికి ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లను వెనక సీట్లతో, కిటికీలతో ప్రయాణికుల బళ్లుగా దించి, కస్టమ్స్ దాటాక సీట్లు పీకేసేవారు. 2019లో అప్పీలు కోర్టు అవి సరుకు వ్యాన్లేనని తేల్చింది. 2024లో ఫోర్డ్ 36.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుని వివాదం ముగించుకుంది. ఒక దేశంలోనే ఒక చోట ట్రక్కు అనిపించుకుంటే లాభం, ఇంకో చోట కారు అనిపించుకుంటే లాభం.

2011 మోడల్ ఏడాది నుంచి కెఫే లెక్కలో చక్రాల మధ్య పరుచుకున్న చోటు కూడా చేరింది. నాలుగు చక్రాలు నేలను తాకేచోట్లను కలుపుతూ గీత గీస్తే వచ్చే వైశాల్యం ఎంత పెద్దదైతే, అందుకోవాల్సిన మైలేజీ అంత తక్కువ. ఈ పద్ధతి బళ్లను పెద్దవి చేసేందుకే ప్రోత్సాహమిస్తుందని మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు వైట్‌ఫుట్, స్కెర్లోస్ 2012లోనే చూపించారు. మైలేజీ మరీ తక్కువైన కార్ల మీద 1978 చట్టం వేసిన గ్యాస్ గజ్లర్ పన్ను ఎస్‌యూవీలనూ పికప్‌లనూ ముట్టుకోదు. వ్యాపారానికి కొన్న బండి 6,000 పౌండ్ల గీత దాటితే ఆదాయపు పన్నులో మినహాయింపు ఎక్కువ. 1975లో అమెరికాలో అమ్ముడైన కొత్త బళ్లలో 80 శాతం సెడాన్లు, వ్యాగన్లే. ఇప్పుడవి దాదాపు నాలుగో వంతు. జనం ఎత్తైన బళ్లే కోరుకున్నారన్న మాట నిజమే. కానీ ఆ కోరికకు చట్టం ఇన్నేళ్లుగా సబ్సిడీ ఇస్తూ వచ్చింది.

ఇండియా గీత దీనికి తిరగబడి పనిచేసింది. 2006 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి చిదంబరం చిన్న కార్ల ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. పొడవు 4,000 మిల్లీమీటర్లు, ఇంజన్ పెట్రోల్‌కు 1,200, డీజిల్‌కు 1,500 సీసీ దాటకూడదు. 2012లో మారుతి డిజైర్ తోకను కత్తిరించి 3,995 మిల్లీమీటర్లకు తెచ్చింది. డిక్కీ 440 లీటర్ల నుంచి 316 లీటర్లకు పడిపోయింది. తిరుపతి ప్రయాణానికి సామాను సర్దే కుటుంబానికి అది నష్టమే. ఈపీఏ పెట్టెలతో కొలిచి ఉంటే ఆ నష్టం అంకెల్లో కనిపించేది. బయటి పొడవు కొలిచే చట్టానికి మాత్రం కనిపించలేదు. కొలతగా చూస్తే ఇది ఈపీఏ పద్ధతి ముందు నిలవదు.

అయినా ఫలితం దగ్గర ఇండియా గీతకే నా ఓటు. విజయవాడ వన్‌టౌన్ సందుల్లో, హైదరాబాద్ పాతబస్తీలో బండి నాలుగు మీటర్లలోపు ఉండటం ఊరందరికీ మేలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీలో ఈ గీత ఇంకా గట్టిపడింది: దాని లోపల 18 శాతం, బయట 40 శాతం. ఇండియాలో గీత దాటితే పన్ను, అమెరికాలో గీత దాటితే రాయితీ. ఏ కొలబద్ద ఎంత సున్నితమైనదన్నదాని కన్నా, డబ్బు దాన్ని ఎటు లాగుతోందన్నదే వీధిలో తేడా తెచ్చింది.

రెండు దేశాల కొలతలూ వదిలేసింది ఒకటుంది: కారు బయట నడిచే మనిషి. నాలుగు మీటర్ల లోపు నిలబడేందుకు ఇండియా బళ్లు ఇప్పుడు పైకి పెరుగుతున్నాయి. బ్రెజా, నెక్సాన్ లాంటివి పొడవులో గీత లోపలే, ఎత్తుకు గీతే లేదు. అమెరికాలో బానెట్ 40 అంగుళాలకు మించిన బండి గుద్దితే పాదచారి చనిపోయే అవకాశం, 30 అంగుళాల లోపు ఉండి ముందుకు వాలిన బానెట్‌తో పోలిస్తే దాదాపు 45 శాతం ఎక్కువని రహదారి భద్రతా బీమా సంస్థ ఐఐహెచ్ఎస్ 2023లో తేల్చింది. 2021లో, 2022లో ఏటా ఏడు వేలకు పైగా పాదచారులు అమెరికా రోడ్ల మీద చనిపోయారు. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో సాయంత్రం చెప్పులేసుకుని వాకింగ్‌కు బయల్దేరే మన పెద్దవాళ్లకు ఆ 40 అంగుళాలంటే ఇంచుమించు ఛాతీ దాకా.

వాషింగ్టన్ నగరం ఈ మధ్య బరువును బట్టి రిజిస్ట్రేషన్ రుసుము వేస్తోంది. 3,500 పౌండ్ల లోపు బండికి ఏడాదికి 72 డాలర్లు, 6,000కు చేరితే 500. పారిస్‌లో 2024 నుంచి బరువైన ఎస్‌యూవీలకు పార్కింగ్ ధర మూడింతలు. డబ్బును సరైన వైపు కట్టిన ప్రయత్నాలివి. కానీ కాటాకు బానెట్ ఎత్తు తెలియదు. బరువైన ఎలక్ట్రిక్ సెడాన్ వాలుగా ఉండి ఛాతీకి తగలకపోవచ్చు, దానికన్నా తేలికైన పికప్ తగలొచ్చు. 2024 సెప్టెంబర్‌లో జాతీయ రహదారి భద్రతా సంస్థ పాదచారి తలకు దెబ్బ ఎంత తగులుతుందో పరీక్షించే నిబంధన ప్రతిపాదించింది. అది అమలుకు రావాలి. స్టిక్కర్ మీద మైలేజీ అంకె పక్కన బానెట్ ఎత్తు కూడా అంగుళాల్లో అచ్చెయ్యాలి. వాషింగ్టన్ రుసుము పట్టికలో బరువు పక్కన ఆ అంకెకూ ఒక వరస చేర్చాలి.