తంగేడు ముందు కూర్చుంటే

మొయినాబాద్ దాటి చేవెళ్ల దారి పడితే రెండు పక్కలా మర్రులు. బొమ్మకు మాత్రం వాటి జోలికి పోను. ఊడలు లెక్కపెట్టేసరికే పొద్దు గూకుతుంది. గట్టు మీది తంగేడు చాలు. అయిదు పసుపు రేకులు, పది కేసరాలు. ఆకుకాడ మొదట్లో చెవి ఆకారంలో చిన్న రెక్క ఉంటుంది. అన్నేళ్లు బతుకమ్మ పేర్చినా దాన్ని చూడనేలేదు, కుంచె పట్టాకే కనిపించింది. నీళ్లరంగుతో ఆ ఒంపు తిప్పుతుంటే ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది.

మొక్కల బొమ్మలు ఇక్కడ కొత్తేం కాదు. వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ రాయగా 1795 నుంచి మూడు సంపుటాలుగా వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో 300 పటాలున్నాయి. గీసింది ఇక్కడి చిత్రకారులే. పేరు మాత్రం దొరదే!

మళ్లీ నా తంగేడుకొస్తే, దాన్ని పశువులు పెద్దగా ముట్టవు. సగం గీసి లేచినా రేపటికి మొక్క అక్కడే ఉంటుంది. బతుకమ్మ రోజుల్లో మాత్రం తెల్లారేసరికి ఒక్క పువ్వూ మిగలదు.