అక్కి రాసిన కన్ను

పుంగనూరులో మా చిన్నమ్మకు కుడికన్ను మూడేళ్లపాటు ఎర్రబడుతూ, తెల్లబడుతూ వచ్చింది. ఎర్రబడితే మెడికల్ షాపు, అక్కడొక చుక్కల మందు, వారానికి నెమ్మది, నెల తిరక్కముందే మళ్లీ మొదలు. ఆ సీసా మీద ఏం రాసుందో మేమెవరం చదవలేదు. అది స్టెరాయిడ్ అని తర్వాత తెలిసింది. మంట చల్లార్చడం వరకే దాని పని. మంట పెట్టిందెవరో దానికి అక్కర్లేదు.

చివరికి పలమనేరు, చిత్తూరు మీదుగా బస్సులు మారి, తమిళనాడు వైపు ఒక పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ చిన్నమ్మ గడ్డం పరికరం మీద ఆనించి, లోపలికి వెలుగు వేసి చాలాసేపు చూసింది. తర్వాత ఊరు అడిగింది. పుట్టిల్లు మదనపల్లె అనగానే ఇంకో మాట: "ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందామ్మా?"

చిన్నమ్మ నా మొఖం చూసింది. మా ఇంట్లో ఆ పేరు ఎత్తేవాళ్లు కాదు. "మా తాత శాన్‌టోరియంలో ఉండె" అంది మెల్లగా.

మదనపల్లె వాళ్లకు శాన్‌టోరియం అంటే ఆరోగ్యవరం. మిషన్ సంఘాలు కలిసి నడిపిన ఆ క్షయ ఆసుపత్రి 1915లో మొదలైంది. డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి సూపరింటెండెంటు. స్ట్రెప్టోమైసిన్ రాని రోజుల్లో అక్కడ మందంటే గాలి, విశ్రాంతి, మంచి తిండి. జబ్బు తేల్చేది కఫం. రోగి దగ్గితే చాలు, కఫం దొరికేది. ఈరోజు చాలకపోతే రేపు పట్టుకోవచ్చు. కంట్లో క్షయ ఉందేమో తేల్చాలంటే లోపలి నీళ్లు తీసి చూడాలి. వాటికి ఆ వెసులుబాటు లేదు.

బళ్లో కన్ను బొమ్మ గీసి నేత్రోదక కక్ష్య, కాచావత్ కక్ష్య అని బాణం గుర్తులు పెట్టినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ముందున్న నేత్రోదకం మొత్తం కలిపినా మిల్లీలీటరులో పావు వంతే. అందులోంచి డాక్టరు తీసుకోగలిగింది 0.1 మిల్లీలీటరు, అంటే రెండు చుక్కలు. వెనకనున్న కాచావత్ ద్రవం నాలుగు మిల్లీలీటర్ల దాకా ఉంటుంది గానీ అది జిగురు. దాన్ని తీయడం ఇంకా పెద్ద పని.

తీసేటప్పుడు నన్ను బయట నిలబెట్టారు. తర్వాత డాక్టరమ్మే చెప్పింది. మొద్దుబార్చే చుక్కలు, అయోడిన్ చుక్కలు వేసి, రెప్పలు మూతపడకుండా క్లిప్పు పెడతారు. చాలా సన్నటి సూదిని నల్లగుడ్డు అంచున, లోపలి రంగు పొరకు (ఐరిస్‌కు) సమాంతరంగా దింపుతారు. చెయ్యి ఏమాత్రం వాలినా కటకానికి తగులుతుంది. నీళ్లు రాగానే కన్ను ముందుభాగం కొంచెం అణుగుతుంది, రెండు గంటలు తిరక్కుండా తనే మళ్లీ ఊరి నిండుతుంది. ఆ పనికి వాడే ఒక మిల్లీలీటరు సిరంజిని ట్యూబర్‌క్యులిన్ సిరంజి అంటారు. క్షయ చర్మ పరీక్ష కోసం పుట్టిన సిరంజి! ఆరోగ్యవరం మమ్మల్ని అంత తొందరగా వదిలేట్టు లేదనుకున్నా.

కుప్పంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్న మా మేనల్లుడికి ఫోన్ చేస్తే వాడన్న మాట: "మామా, మూత్రమైతే చాల్లేదు, మళ్లీ పట్టియ్యమంటాం. కంటినీళ్లు వస్తే ఆ మాట అనేదానికి లేదు. దేనికి వాడాలో రాసియ్యకపోతే ఆ చుక్క నేలపాలే." స్లయిడ్ మీద కొంత, కల్చర్‌కు కొంత, పీసీఆర్‌కు కొంత. క్షయ క్రిమి కల్చర్‌లో పెరగాలంటే వారాల తరబడి ఆగాలి. పీసీఆర్ అయితే క్రిమి జన్యుపదార్థాన్ని కొన్ని గంటల్లోనే కోట్ల రెట్లు పెంచి చూపిస్తుంది. కానీ ఏ క్రిమి కోసమో ముందే చెప్పాలి. అడగని క్రిమి గురించి అది నోరు విప్పదు. 1990ల్లో చెన్నై శంకర నేత్రాలయలో డాక్టర్ హెచ్.ఎన్. మాధవన్ ఈ పరీక్షను కంటి ద్రవాలకు అలవాటు చేశారు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ సావిత్రి శర్మ కంటి సూక్ష్మజీవుల ల్యాబుకే ఒక ఎత్తు తెచ్చారు.

డాక్టరమ్మ మాత్రం క్షయ దగ్గరే ఆగలేదు. సూది పట్టకముందే దూదిని సన్నటి పోగులా నులిమి చిన్నమ్మ నల్లగుడ్డుకు తాకించి చూసింది. ఎడమకన్ను టక్కున మూసుకుంది. కుడికన్ను బద్ధకంగా మూసుకుంది. ఐరిస్‌లో ఒకపక్క రంగు వెలిసిన మచ్చ కూడా ఆమె కంటబడింది. లోపలి ఒత్తిడి ఎక్కువగా ఉంది. "ఎప్పుడైనా చర్మం మీద హెర్పిస్ వచ్చిందా?" అంటే చిన్నమ్మ లేదంది. అయినా ఆవిడ కాగితం మీద క్షయతో పాటు హెర్పిస్ జాతి వైరస్‌లకూ పరీక్ష రాసింది.

క్షయ దొరకలేదు. (దొరకనంత మాత్రాన లేదని కాదు. కంట్లో ఆ క్రిములు కొద్దిగానే ఉంటాయి, తీసిన చుక్కలోకి రాకపోవచ్చు.) దొరికింది హెర్పిస్ జాతిలోదే అయిన ఆటలమ్మ వైరస్. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గాక అది నరాల మొదట్లో దాక్కుని, ఎన్నో ఏళ్లకు మళ్లీ లేస్తుంది. నొసటి మీద, కంటి చుట్టూ లేస్తే కన్ను కూడా దాని దారిలోనే ఉంటుంది. ముక్కు కొసన పొక్కు కనబడితే మరీ జాగ్రత్త పడాలి.

2023లో అమెరికాలో స్టాన్‌ఫోర్డ్‌లో వినీత్ మహాజన్ బృందం కంట్లోంచి తీసిన ఇలాంటి చుక్కల్లో సుమారు 6,000 ప్రొటీన్లు లెక్కపెట్టింది. గొప్ప సంగతే. మా పుంగనూరులో మాత్రం మూడేళ్లు ఒక్క చుక్క తీసేవాళ్ల దాకా పోకుండా, సీసాల కొద్దీ చుక్కలు వేశాం.

రిపోర్టు చదివి వినిపిస్తే చిన్నమ్మ ఆశ్చర్యపోలేదు. "అక్కి లేసిండె గదా నొసటి మీద, ఆరేండ్ల కిందట. కుమ్మరాయన ఎర్రమన్నుతో సింహం బొమ్మేసి రాసె. పోయె."

"మరి డాక్టరమ్మ అడిగితే లేదంటివే!"

"ఆయమ్మ అక్కని అడిగిందా? ఏందో ఇంగ్లీషు పేరు అడిగె."

వైరస్ మందు మొదలుపెట్టాక తిరిగి చూపించుకోవడానికి పోయినప్పుడు ఈ మాట చెప్పాం. డాక్టరమ్మ పెన్ను ఆపి, అక్షరం అక్షరం మళ్లీ చెప్పమని అడిగి కేసు కాగితం మీద రాసుకుంది. మేం బయట కూర్చుని మందుల చీటీ కోసం చూస్తుండగా, తెర అవతల మా తర్వాతి పెద్దాయనను ఆమె అడగడం వినబడింది: "ఎప్పుడైనా అక్కి రాయించుకున్నారా?"